దామంజోడి కావలి: ఒక తుపాకి లెక్క

విజయనగరము దాటి, సాలూరుతో మైదానము ముగియగా, మలుపు మలుపునకు చలి హెచ్చు ఘాటుమార్గమున సుంకి, పొట్టంగి, సెమిలిగుడల మీదుగా పైకెక్కి పోవు బాటసారికి, ఎర్రమట్టి కొండల నడుమ, వలిసె పూలతో పచ్చబారిన మెట్టచేల కావల, ఆకసమునంటు పొగగొట్టములును, వరుసలు తీర్చిన నివాసగృహములును గల ఒక పట్టణము కానవచ్చును. అది దామంజోడి. కొండమీద త్రవ్విన బాక్సైటు రాతిని మోసికొనుచు ఒక పొడవైన పట్టా 14 కిలోమీటర్లకు మించిన దూరము లోయలమీదుగా వంపులు తిరుగుచు పాకి వచ్చి కర్మాగారమున రాతిని కుమ్మరించును. ఆ రాయి తెల్లని అల్యూమినా పొడియై రైలుపెట్టెలకెక్కి మన విశాఖ రేవునకు దిగివచ్చి దేశాంతరములకు పోవును. పట్టణవీథులలో ఒడియాతోపాటు తెలుగు వినబడును. సంతకు దిగివచ్చిన పరజ, కొంధు, గదబ స్త్రీల నోట దేశియా, కువి వినబడును.

ఆ కర్మాగారపు ద్వారమున, గని దారి మొదట, నివాసప్రాంతపు మొగసాలలో తుపాకి ధరించిన జవాను నిలిచియుండును. పాలు పోయువాడును, బడికి పోవు పిల్లవాడును, కూలిపనికి వచ్చు గిరిజనుడును ప్రతిదినము ఆ తుపాకి ముందునుండియే పోవుదురు. అలవాటైన చూపునకు అది ద్వారబంధము వంటిదే. కాని చరిత్ర చదువువాని చూపు దానిపై నిలిచినపుడు కొన్ని ప్రశ్నలు పుట్టును. ఈ తుపాకి ఎవరిది? ఎవరు కొన్నారు? ఎవరి సొమ్ముతో? ఇటువంటివి ఎన్ని కలవు, ఏ రకములు కలవు, ఎప్పుడు వాడవచ్చును, ఎప్పుడు వాడరాదు అను నిర్ణయము ఎవరి యెదుట జరిగినది? ఆ ద్వారము ముందు బ్రతుకు జనులకు ఆ లెక్క ఏనాడైన చదివి వినిపింపబడినదా? ఈ కొండలలో ఆయుధపు లెక్క నూటయరువది యేండ్లుగా క్రిందినుండి పైకి, ఠాణానుండి కచేరికి, కచేరినుండి రాజధానికి పోయినదే గాని, ఒక్కనాడును ప్రక్కనున్న పల్లెకు పోలేదన్నది నేను చెప్పదలచిన మాట.

పూర్వము ఈ సీమ జయపుర సంస్థానమునకు లోబడి, విశాఖపట్టణము జిల్లాలో భాగమై మదరాసు రాజధానిలో ఉండెను. 1839వ సంవత్సరపు 24వ చట్టముతో ఈ మన్నెములు సాధారణ న్యాయస్థానముల పరిధినుండి తప్పింపబడి కలెక్టరుగారికి గవర్నరు ఏజెంటు హోదాలో అప్పగింపబడినవి. ఏజెన్సీ అను పేరు అట్లు వచ్చినదే. సంస్థానపు కావలి పైకులది. నౌకరీ మాన్యములు అనుభవించుచు, బల్లెములు, కత్తులు, వత్తితుపాకులు పట్టి కోటను, ఘాటీలను కాచువారు వారు. ఆ వ్యవస్థను నేను పొగడుట లేదు. పైకుని బల్లెము జమీందారుని ఆగ్రహమునకు సాధనమే గాని ధర్మమునకు గాదు. అయినను ఒక్క సంగతి గమనింపదగినది. ఆ ఆయుధము పట్టినవాడు ఆ ఊరివాడే, అతని మాన్యము ఆ ఊరిపొలిమేరలోనిదే, అతని చేతిలో ఏమున్నదో ఊరందరికి తెలియును.

1863లో ప్రభుత్వమువారు జయపురమునకు పోలీసులను పంపి నేరవిచారణాధికారమును తమ చేతిలోనికి తీసికొనిరి. 1870లో జయపురపు జ్వరములకు జడిసి సహాయక ఏజెంటు కచేరిని ఎత్తుననున్న కోరాపుట్టునకు మార్చిరి. అప్పటినుండి ఈ కొండలలో క్రొత్త వస్తువులు రెండు వెలసినవి: తాళము వేసిన ఆయుధపు గది ఒకటి, ఆ గదిలోని తుపాకుల నంబర్లను వ్రాయు పుస్తకము ఒకటి. మన పోలీసు ఠాణాలలో ఆ గదిని నేటికిని బెల్ ఆఫ్ ఆర్మ్స్ అనియే పిలుతురు. కేంద్రదళములలో దానికి కోత్ అని పేరు. ఉదయము తుపాకి ఇచ్చునపుడు సంతకము, సాయంకాలము తిరిగి జమచేయునపుడు సంతకము, తూటాల లెక్క వేరు, కాల్చిన ఖాళీగొట్టముల లెక్క వేరు, పై అధికారి తనిఖీకి వచ్చినపుడు ఎర్రసిరా గుర్తు: ఈ క్రమమంతయు నిజముగా శ్రద్ధతో కూడినదే. తుపాకి పోయిన కానిస్టేబులునకు ఉద్యోగమును పోవును. అయితే ఆ పుస్తకము చదువు హక్కు పైవారికే కలదు.

ఆ పుస్తకమును ఊరివారి పక్షమున తెరచి అందులో వ్రాసినవాడు మన చరిత్రలో ఒక్కడే కానవచ్చుచున్నాడు. 1922వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు తన అనుచరులతో చింతపల్లి ఠాణాపై దాడిచేసెను. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. మూడు దినములలో మూడు ఠాణాలనుండి 26 తుపాకులు, రెండువేలకు మించిన తూటాలు ఆయన వశమైనవి. మన్యవాసులు నేటికిని ఆశ్చర్యముతో చెప్పుకొను విశేషము వేరు. తీసికొనిన ఆయుధముల వివరము ఠాణా డైరీలో వ్రాసి, క్రింద తన సంతకము చేసి మరీ పోయెనట. దొంగ వలె గాక, ఒక ప్రభుత్వమునుండి మరియొక ప్రభుత్వము వస్తువులు స్వాధీనము చేసికొన్నట్లు రసీదు ఇచ్చినాడు. ఆ రసీదును నేను తరచు తలచుకొందును. ఈ తుపాకులు మాపై ఎక్కుపెట్టినవి గనుక వీటి లెక్కలో మాకును పాలు కలదను భావమును అంత స్పష్టముగా ఈ కొండలలో మరియెవ్వరును చెప్పలేదు. అది శాసనబద్ధమైన మార్గము కాదు, నిజమే. శాసనబద్ధమైన మార్గము ఆనాడు లేదు. దానికి వచ్చిన సమాధానము మలబారు ప్రత్యేక పోలీసులును, అటుపిమ్మట అస్సాం రైఫిల్సు దళమును. రోడ్డుపనుల కూలి ఎగవేతతోను అటవీనిబంధనలతోను మొదలైన కలహము 1924 మే 7వ తేదీన కొయ్యూరు ప్రాంతమున సీతారామరాజు మరణముతో చల్లారెను.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడి కోరాపుట్టు అందులో చేరినది. జెండా మారలేదు, ఆయుధపు గది మారలేదు. 1942 ఆగస్టు 21న మథిలి ఠాణా యెదుట గుమిగూడిన జనముపై పోలీసులు కాల్పులు జరిపిరి. ఆ ఊరేగింపును నడిపిన లక్ష్మణ నాయకును హత్యానేరముపై విచారించి 1943 మార్చి 29న బరంపురము కారాగారమున ఉరితీసిరి. తుపాకి పేల్చిన చేతిని విచారింపక, ఎదురు నిలిచిన కంఠమును విచారించిన ఆ దినమును కోరాపుట్టు మరువలేదు.

ఇక దామంజోడి ద్వారముననున్న తుపాకి వంశవృక్షమునకు వత్తము. ప్రైవేటు వ్యక్తికో, కర్మాగారమునకో ప్రభుత్వపు సాయుధ కావలిని అద్దెకిచ్చు పద్ధతి మన దేశమున క్రొత్తది గాదు. 1861వ సంవత్సరపు పోలీసు చట్టము 13వ సెక్షనులోనే, అవసరమును చూపి దరఖాస్తు చేసికొన్నవానికి అతని ఖర్చుమీద అదనపు పోలీసులను పంపవచ్చుననియు, ఒక నెల ముందు వ్రాతపూర్వకముగా తెలిపి అతడు వారిని వాపసు పంపివేయవచ్చుననియు వ్రాసిరి. దాని తరువాతి సెక్షనులో రైలుమార్గములు, కాలువలు, కర్మాగారములు నడచుచోట్ల అదనపు బలమును నిలిపి ఆ పని నడుపువారి చేతనే ఖర్చు పెట్టించు అధికారము కలదు. నీలిమందు దొరలు, తేయాకు తోటలవారు, రైలు కంపెనీలు సుఖముగా వాడుకొనిన వాక్యములివి.

స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వరంగమున ఉక్కు కర్మాగారములు, భారీయంత్ర కర్మాగారములు వెలసినపుడు వాటికి కావలిగా వాచ్ అండ్ వార్డు అను సొంత సిబ్బంది ఉండెడివారు. చేతికర్ర, ఈల, రాత్రి లాంతరు వారి ఆయుధములు. 1964లో రాంచీలోని హెవీ ఇంజనీరింగ్ కార్పొరేషనులో జరిగిన అగ్నిప్రమాదమును జస్టిస్ ముఖర్జీ సంఘము విచారించి, ప్రభుత్వ పరిశ్రమలకు క్రమశిక్షణ గల కేంద్రభద్రతాదళము అవసరమని సూచించినది. తత్ఫలితముగా 1968లో చట్టమును, 1969 మార్చి 10వ తేదీన కేంద్ర పారిశ్రామిక భద్రతా దళమును వెలసినవి. దళము సుమారు 3,000 మందితో ఆరంభమైనది. నేడు లక్షన్నరకు మించినది. వారి జాతీయ శిక్షణాలయము మన హైదరాబాదు చెంత హకీంపేటలోనే యున్నది.

ఆ చట్టమును చదివినపుడు 14వ సెక్షనువద్ద నేను ఆగిపోయితిని. పరిశ్రమ మేనేజింగు డైరెక్టరు అవసరమును చూపి కోరినచో దళమును పంపవచ్చును, ఖర్చు అతనిది, ఒక నెల నోటీసుతో వాపసు కోరవచ్చును. నూరేండ్లకు పైబడిన వాక్యము మాటమాటకు తిరిగి వచ్చినది! అవసరమును చూపి అను ఆ రెండు ముక్కలలో చరిత్ర సర్వము ఇమిడియున్నది. అవసరము చూపవలెను, సరే, ఎవరికి చూపవలెను? దళాధిపతికి. దరఖాస్తుదారుడును దళాధిపతియు పరస్పరము సమ్మతించినచో వ్యవహారము ముగిసెను. ద్వారమునకు వెలుపల నివసించువాడు ఆ చట్టమున ఎచ్చటను కానరాడు.

మొదట ఆ దళమునకు దేశపు సాయుధబలగమను హోదా లేదు. అది ఆస్తిని కాపాడు కావలి మాత్రమే. 1979వ సంవత్సరమున దేశమంతట పోలీసులలో అసంతృప్తి రగిలి, సంఘములు పెట్టుకొను హక్కు కొరకును, పనిస్థితుల కొరకును ఆందోళనలు జరిగినవి. జూన్ నెలలో బొకారో ఉక్కునగరమున ఈ దళపు జవానులే ఆందోళనకు దిగగా, ప్రభుత్వము సైన్యమును పంపినది. కాల్పులు జరిగినవి, ప్రాణములు పోయినవి. నాలుగేండ్లకు, 1983లో, చట్టమును సవరించి ఈ దళమును కేంద్రపు సాయుధబలగముగా ప్రకటించిరి. కావలివాని కష్టముపై లేచిన కలత, కావలివాని హోదాను సైనికస్వభావమునకు మార్చుటతో ముగిసెనన్నమాట. ఈ మార్పు పరిశ్రమల పరిసరములలోని సామాన్యులకు తెలిసి జరిగినది కాదు. కర్ర పోయి 303 రైఫిలు, అది పోయి ఎస్సెల్లార్, ఆపై ఇన్సాస్, ఏకే రకములు మన దేశపు పోలీసు బలగముల భుజములకెక్కిన క్రమమును ఏ ఊరివాడైన కంటితో చూచినాడు గాని, ఏ మెట్టునను అతనిని అడిగినవారు లేరు. రాష్ట్ర పోలీసులకు ఆయుధములు, వాహనములు కొనిపెట్టు ఆధునికీకరణ పథకమును కేంద్రము 1969-70లో ఆరంభించినది. పారిశ్రామిక దళము పుట్టిన యేడును అదియే.

ఈలోగా తూర్పుకనుమల శిఖరములపై భూగర్భశాస్త్రజ్ఞులు బాక్సైటు నిధులను గుర్తించిరి. ఈ ప్రాంతమున తలచదునైన పెద్దకొండలకు మాలి అని పేరు: దేవమాలి, బాఫ్లిమాలి, పంచపట్‌మాలి. 1981 జనవరి 7న నేషనల్ అల్యూమినియం కంపెనీ స్థాపితమై, ఫ్రాన్సు దేశపు పెషినీ సంస్థ సాంకేతికసహాయముతో పంచపట్‌మాలి మీద గనిని, దామంజోడిలో శుద్ధికర్మాగారమును నెలకొల్పినది. 1985లో గని పని మొదలిడినది. సముద్రమట్టమునకు వేయి మీటర్లకు మించిన ఎత్తున, మేఘములు తాకు ఆ చదునుమీద పేలుడుమందుతో రాతిని పగులగొట్టి త్రవ్వుదురు. అందుచేత మందుగుండు గిడ్డంగి తప్పనిసరి. సుమారు 600 కుటుంబములు ఈ పనికై తమ ఇండ్లను విడిచిపోయినవి. భూములకు లెక్క కట్టిరి, చెట్లకు లెక్క కట్టిరి, ఇంటికప్పుల పెంకులకు లెక్క కట్టిరి. రాబోవు కావలికి ఏ లెక్కయు చెప్పలేదు.

2004 ఫిబ్రవరి 6వ తేదీన మావోయిస్టులు కోరాపుట్టు పట్టణముపై విరుచుకుపడి జిల్లా ఆయుధాగారమును కొల్లగొట్టిరి. వందలకొలది తుపాకులు ఒక్కరాత్రిలో అడవిపాలైనవి. దేశచరిత్రలో అంత పెద్ద ఆయుధాగారపు దోపిడి అరుదు. ఐదేండ్లకు, 2009 ఏప్రిల్ 12వ తేదీ రాత్రి, లోక్‌సభ ఎన్నికల తొలిపోలింగునకు నాలుగు దినముల ముందు, పంచపట్‌మాలి గనిమీద పెద్దగుంపు దాడిచేసినది. మందుగుండు గిడ్డంగి వారి లక్ష్యము. గిడ్డంగిని విడువక రాత్రియంతయు పోరాడిన పారిశ్రామిక భద్రతాదళ జవానులలో పదిమంది వరకు ప్రాణములు కోల్పోయిరి. ఆ జవానులు ఎక్కడెక్కడివారో. పంటపొలముల ఇండ్లనుండి నెలజీతమునకు వచ్చినవారు. చలిగాలి కొట్టు కొండమీద, తమకు తెలియని భాష మాట్లాడు జనుల నడుమ, తమది గాని రాతికొరకు మరణించిరి. నా వ్యాసములో వారి మృతిని చిన్నచేయు వాక్యమొక్కటియు ఉండరాదని కోరుకొందును.

ఆ దాడి తరువాత గని చుట్టును బలగము, బందోబస్తు పెరిగినవి. పెరుగుట సహజము. ఇచటనే మన వాదమునకు ఎదురువాదము బలముగా నిలుచును: ఇట్టి స్థలమున ఆయుధముల లెక్కను బహిరంగపరచుట శత్రువునకు దారి చూపుట గాదా? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. ఏ బురుజున ఎందరున్నారు, గిడ్డంగి తాళము ఎవరివద్ద, పహరా ఏ గంటకు మారును అనునవి రహస్యములే. వాటిని ఏ గ్రామస్థుడును అడుగడు. కాని నివాసప్రాంతమున, సంతదారిలో, కార్మికుల సమ్మెల యెదుట ఏ రకపు సాధనములు వాడుటకు అనుమతి కలదు, బాష్పవాయువా, రబ్బరుగుండా, పెల్లెట్లా, ఎగిరి చూచు డ్రోనా, వాడినపుడు ఎవరికి నివేదిక ఇయ్యవలెను, గాయపడినవాడు ఎవరితో మొరపెట్టుకొనవలెను అనునవి రహస్యములు కావు. అవి నియమములు. కోరాపుట్టు ఆయుధాగారపు లెక్క ఏ జనసభయందును చదువబడలేదు. అయినను అది కొల్లపోయినది. గోప్యత తుపాకిని కాపాడలేదు, తుపాకిపై ప్రశ్నను మాత్రము కాపాడినది.

ప్రశ్న వేయుటకు మనకు చిక్కిన అవకాశమంతయు తుపాకి ప్రేలిన తరువాతనే. 2000 డిసెంబరు 16న, రాయగడ జిల్లా కాశీపురము ప్రాంతపు మైకంచ్ గ్రామమున, మరియొక అల్యూమినా ప్రయత్నమును ఎదిరించుచున్న గిరిజనులపై పోలీసులు కాల్పులు జరుపగా ముగ్గురు మృతిచెందిరి. ఆపై జస్టిస్ పి. కె. మిశ్రా విచారణసంఘము కూర్చున్నది, సాక్షులు వచ్చిరి, ఎన్ని గుండ్లు, ఎంత దూరము, ఎవరి ఆజ్ఞ అను ప్రశ్నలు అప్పుడు, కట్టెలు కాలిపోయిన తరువాత, బహిరంగముగా అడుగబడినవి. ఆ ప్రశ్నలే ముందుగా, తుపాకి పెట్టెలోనుండగనే, ఒక చెట్టుక్రింద కూర్చుండి అడుగుటకు వీలున్న పక్షమున ఆ మూడు ఇండ్లలో ఏమి జరిగియుండునో చెప్పజాలను. అడుగుటకు వీలులేకపోయెనని మాత్రము చెప్పగలను.

పార్లమెంటు లేదా యని అడుగవచ్చును. కలదు. హోంశాఖ స్థాయీసంఘము దళముల పద్దులను పరిశీలించును. కంప్ట్రోలరు ఆడిటు కొనుగోళ్లను తనిఖీ చేయును. అవి దేశమంతటికి కలిపి చేయు లెక్కలు. దామంజోడి ద్వారము వాటిలో కానరాదు. 2005లో సమాచారహక్కు చట్టము వచ్చినపుడు ఆశ కలిగినది. అయితే ఆ చట్టపు 24వ సెక్షను, రెండవ షెడ్యూలు కొన్ని సంస్థలను మినహాయించినవి. గూఢచారి శాఖల సరసన, సరిహద్దు దళముల సరసన, కర్మాగారములు కాయు ఈ దళమును ఆ పట్టికలో చేర్చిరి. అవినీతి ఆరోపణ, మానవహక్కుల ఉల్లంఘన ఆరోపణ యున్నచో మాత్రమే సమాధానము రావలెను. అనగా ఇచటను కీడు జరిగిన పిదపనే తలుపు తెరచుకొనును.

తుపాకి పట్టిన కావలిని ముందుగా ప్రశ్నించు ఏర్పాటు లోకమున ఎచ్చటనైన కలదా యని వెదకినచో, విశ్వవిద్యాలయముల ప్రాంగణములలో దొరకుట విచిత్రముగా తోచును. అమెరికాలో అనేక విశ్వవిద్యాలయములకు సొంత పోలీసుదళములు గలవు. 1990వ దశకమున వచ్చిన 1033 అను పథకముక్రింద అచటి సైన్యపు మిగులు సామగ్రి ఊరిపోలీసులకును, ప్రాంగణపోలీసులకును అందసాగినది. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయపు పోలీసులు 2013లో మందుపాతరలను తట్టుకొను కవచవాహనము నొకదానిని పొందిరి. చదువుల తోటలో ఆ వాహనమునకు పనియేమి? 2011 నవంబరు 18న డేవిస్ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున నేలపై మౌనముగా కూర్చున్న విద్యార్థుల ముఖములపై ప్రాంగణపోలీసు అధికారి మిరియపు ద్రావకమును చిమ్మిన దృశ్యము లోకమంతయు చూచినది. 2014లో ఫెర్గుసన్ పట్టణపు వీథులలో సైనికవేషమున నిలిచిన పోలీసులను చూచి ఆ దేశమే ఉలికిపడినది. వీని ఫలితముగా 2021లో కాలిఫోర్నియా శాసనసభ ఒక చట్టము చేసినది. దాని ప్రకారము పోలీసుశాఖ ఏదైన, విశ్వవిద్యాలయపు పోలీసుశాఖయైనను సరే, డ్రోను, కవచవాహనము, బాష్పవాయువు, మిరియపుగుండ్లను ప్రయోగించు సాధనము మున్నగు సైనికతరహా సామగ్రిని కొనదలచినచో, ముప్పది దినముల ముందు వివరములను ప్రకటించి, జనుల యెదుట బహిరంగసభలో పాలకసంఘపు ఆమోదము పొందవలెను. ఏ వస్తువు, ఎన్ని, ఎంత వెల, ఎన్నాళ్లు మన్నును, దేనికి, ఎప్పుడు వాడరాదు, ఎవరికి ఫిర్యాదు చేయవలెను, ఇవన్నియు వ్రాయవలెను. ఏటేట వాడుకపై నివేదిక ఇచ్చి, జనులను పిలిచి సభ చేయవలెను.

ఆ ప్రాంగణములలో మన తెలుగుబిడ్డలు వేలసంఖ్యలో చదువుచున్నారు. వారు తమ విశ్వవిద్యాలయపు పోలీసుల వద్ద ఎన్ని బాష్పవాయు గోళములున్నవో కాగితముపై చదువగలరు. వారి తండ్రులు ఉద్యోగము చేసిన, వారు పుట్టి పెరిగిన కర్మాగారపు పట్టణముననో, అది చదువగలుగు దారియే లేదు. మన దేశమున విశ్వవిద్యాలయమున ఉపకులపతి పిలుపు లేక పోలీసులు కాలుమోపరాదన్నది చట్టము కాదు, ఒక మర్యాద. ఆ మర్యాద ఎన్నిమార్లు సడలినదో ఉస్మానియా ప్రాంగణమున 2009-10 నాటి నెలలను చూచినవారెరుగుదురు. అచట కేంద్రబలగముల ఉనికి అప్పుడు న్యాయస్థానముల వరకు పోయినది. నేడు కోరాపుట్టు సీమకును విశ్వవిద్యాలయము వచ్చినది: 2009 చట్టముతో వెలసిన ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయము సునాబెడలో, దామంజోడికి చేరువలో నిలిచియున్నది. అదే సునాబెడలో యుద్ధవిమానముల ఇంజనులు తయారుచేయు కర్మాగారము కలదు. ఒక్క కొండచరియపై విద్యాలయము, యుద్ధయంత్రాలయము, ధాతుకర్మాగారము, వాని చుట్టు పల్లెలు.

ఆ పల్లెలు ప్రశ్నింపలేవని అనుకొనువారు 2013వ సంవత్సరమును జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. ఆ యేటి ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, నియమగిరి త్రవ్వకమును గూర్చి అచటి గ్రామసభలే తేల్చవలెనని తీర్పు చెప్పినది. రాయగడ, కలహండి జిల్లాల 12 గ్రామములలో, న్యాయాధికారి సమక్షమున, సభలు జరిగినవి. డొంగ్రియా కొంధు స్త్రీలు, పురుషులు ఒకరివెనుక ఒకరు లేచి, ఈ కొండ మా దేవుడు అని పలికిరి; పన్నెండింటికి పన్నెండు సభలును వద్దనినవి. చుట్టు సాయుధపోలీసులు నిలిచియుండగనే ఆ మాటలు చెప్పిరి. కొండనుగూర్చి అంత వివరముగా మాట్లాడగలిగినవారు, కొండచుట్టు నిలుచు తుపాకిని గూర్చి మాట్లాడలేరా? 1996 నాటి షెడ్యూల్డు ప్రాంతపు పంచాయతీ చట్టము గ్రామసభకు భూసేకరణపై సంప్రదింపు హక్కు నిచ్చినది, సారాయి అమ్మకమును ఆపు అధికారము నిచ్చినది, సంతను నడుపు అధికారము నిచ్చినది. ఊరిబయట వెలయు సాయుధశిబిరమును గూర్చి ఒక్క వాక్యము లేదు. అవసరమును చూపి అను ఆ 1861 నాటి మాటకు, గ్రామసభకు గూడ చూపి అను మాట చేర్చుటకు ఎన్ని అక్షరములు కావలెను?

జయపురమున నేటికిని దసరా వైభవముగా జరుగును. జమీందారీ పోయి డెబ్బదేండ్లు దాటినను, చుట్టుప్రక్కల గ్రామములనుండి దేవతల చిహ్నములైన లాఠీలను, తప్పెటలు మ్రోగుచుండగా, ఊరేగింపుగా పట్టణమునకు కొనివచ్చెదరు. ఏ ఊరి లాఠీ ఏదియో, దానిని మోయు హక్కు ఏ ఇంటిదో, దారిలో ఎచ్చట ఆగవలెనో అందరికి తెలియును. ఆ దినములలోనే మన తెలుగుజిల్లాల ఠాణాలలో, సాయుధదళముల శిబిరములలో ఆయుధపూజ చేయుదురు. కోత్ తలుపులు తెరచి, తుపాకులను తుడిచి, నూనెపట్టించి, బల్లలమీద తెల్లని గుడ్డ పరచి వరుసగా అమర్చి, పసుపు కుంకుమలిడి, గుమ్మడికాయ కొట్టుదురు. జవానుల పిల్లలు క్రొత్తబట్టలతో వచ్చి ఆ వరుసను వేళ్లతో లెక్కపెట్టుకొందురు. తండ్రులు వారిని వారింపరు. ప్రసాదము పంచిన పిదప తుపాకులను ఒక్కొక్కటిగా లోపలికి చేర్చి, నంబర్లు సరిచూచి, పుస్తకమున సంతకము చేసి, తాళము వేయుదురు. తలుపు మరల తెరచునది, ఉదయమున, పహరాకే.